హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరం? విమాన దూరం, రోడ్డు దూరం మీరే లెక్కకట్టుకోవడం ఎలా

"హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరమండీ?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్లు వెతక్కుండా రారు. ఒకచోట 500 కిలోమీటర్లని చూసి ఉంటారు, మ్యాప్‌లో 620 అని కనిపించి ఉంటుంది, రైలు లెక్క చూస్తే 700 ఉంటుంది. ఇందులో ఏది నమ్మాలన్నదే వాళ్ల గొడవ.

మూడూ నమ్మొచ్చు. మ్యాప్ మీద తిన్నగా గీత గీస్తే రెండు ఊళ్ల మధ్య దాదాపు 503 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా కారులో వెళ్తే సుమారు 620. సికింద్రాబాద్ నుంచి వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా తిరిగి వెళ్లే రైలుకు 699. 2023 జనవరి 15న మొదలైన వందే భారత్ కూడా ఈ 699 కిలోమీటర్ల దారిలోనే వెళ్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఒక పనికి పెట్టాల్సిన అంకెను ఇంకో పనికి పెట్టినప్పుడు. 500 చూసి "ఎనిమిది గంటల్లో వచ్చేస్తాం" అని అత్తగారింటికి ఫోన్ చేసి చెప్పినవాళ్లు నాకు తెలుసు.

అందుకే ఏ రెండు ఊళ్లకైనా మీరే లెక్క వేసుకునేలా, వైజాగ్‌నే ఉదాహరణగా పెట్టుకుని వరసగా చెప్తాను.

కావలసినవి

- మ్యాప్ యాప్ ఉన్న ఫోన్. కంప్యూటర్ ఉంటే ఇంకా సుఖం.
- కాగితం, పెన్ను. వర్గమూలం గుర్తు ఉన్న కాలిక్యులేటర్. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఆ గుర్తు కనిపిస్తుంది.
- బయలుదేరే చోటు, చేరాల్సిన చోటు పూర్తి అడ్రసులు, పిన్‌కోడ్‌తో సహా.
- కారులో వెళ్లేవాళ్లయితే మీ బండి నిజంగా ఇచ్చే మైలేజీ. షోరూంలో చెప్పింది వద్దు, ట్యాంకు నింపి మీరు చూసుకున్న అంకె కావాలి.

1. ఈ దూరం దేనికి కావాలో ముందు రాసుకోండి

పెట్రోలు, టోలు ఖర్చుకైతే రోడ్డు దూరం కావాలి. విమానమా కారా అని తేల్చుకోవడానికి గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే సమయం కావాలి, కిలోమీటర్లతో పెద్దగా పని లేదు. ఆఫీసులో ప్రయాణ బిల్లు పెట్టడానికైతే వాళ్లు ఏ దూరాన్ని ఒప్పుకుంటారో ముందే అడగండి. పిల్లల ప్రాజెక్టుకో, రెండు ఊళ్లను పోల్చి చూడటానికో అయితే సరళరేఖ దూరం చాలు.

2. ఊరి పేరు ఇవ్వొద్దు, ఇంటి అడ్రసు ఇవ్వండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "హైదరాబాద్" అని టైప్ చేస్తే యాప్ నగరం నడిబొడ్డున ఎక్కడో ఒక చుక్క పెట్టేస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనే 29 కిలోమీటర్లు ఉంది. ఎల్బీనగర్లో ఉన్నాయనకు విజయవాడ హైవే గడప ముందే ఉన్నట్టు. మియాపూర్ ఆయన ఆ హైవే ఎక్కడానికే గంటకు పైగా పట్టొచ్చు. అవతల వైజాగ్‌లోనూ అంతే. అనకాపల్లి వైపు నుంచి వచ్చే మీకు గాజువాక ముందు తగులుతుంది, మధురవాడ ఊరంతా దాటాక వస్తుంది. ఆ రెండింటికీ మధ్యే ఇరవై కిలోమీటర్లకు పైన ఉంటుంది.

జాగ్రత్త: ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్ అనే నగరం పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది. మెదక్ జిల్లాలో నర్సాపూర్ ఉంది, పశ్చిమ గోదావరిలో నరసాపురం ఉంది. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లయితే జిల్లాకు ఒకటైనా ఉంటుంది. పేరు పక్కన మండలం, జిల్లా కనిపించాకే నొక్కండి.

3. సరళరేఖ దూరం తీయండి

కంప్యూటర్లో: గూగుల్ మ్యాప్స్ తెరిచి మొదటి చోటు మీద రైట్ క్లిక్ చేయండి. వచ్చే పట్టీలో "మెజర్ డిస్టెన్స్" నొక్కి, రెండో చోటు మీద క్లిక్ చేస్తే గీత, దూరం రెండూ వస్తాయి.

ఫోన్లో: మొదటి చోటు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది. కింద వచ్చే వివరాలను పైకి జరిపితే "మెజర్ డిస్టెన్స్" ఉంటుంది. దాన్ని నొక్కి, మ్యాప్‌ను జరుపుతూ మధ్యలో ఉన్న గుర్తు రెండో ఊరి మీదకు వచ్చేలా చూడండి.

నెట్ లేనప్పుడు, లేదా యాప్ చెప్పింది సరేనా అని అనుమానం వచ్చినప్పుడు చేత్తోనే వేయొచ్చు. దీనికి రెండు ఊళ్ల అక్షాంశం, రేఖాంశం తెలిసుంటే చాలు. హైదరాబాద్‌కు 17.39, 78.49. విశాఖపట్నానికి 17.69, 83.22.

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో ఒక డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. మన రెండు రాష్ట్రాలకు ఈ అంకెలు సరిపోతాయి:

- తిరుపతి, చిత్తూరు వైపు (13, 14 డిగ్రీలు): 108
- కర్నూలు, ఒంగోలు, గుంటూరు వైపు (15, 16): 107
- హైదరాబాద్, రాజమండ్రి, విశాఖ వైపు (17, 18): 106
- ఆదిలాబాద్ వైపు (19): 105

రెండు ఊళ్లూ వేరే వరసల్లో ఉంటే మధ్య అక్షాంశానిది తీసుకోండి. ఇప్పుడు వైజాగ్ లెక్క:

- అక్షాంశాల తేడా 0.30. దాన్ని 111తో గుణిస్తే 33.
- రేఖాంశాల తేడా 4.73. దాన్ని 106తో గుణిస్తే 501.
- 33 వర్గం, 501 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 502 పైచిలుకు.

మ్యాప్ చెప్పే 503కూ దీనికీ తేడా కిలోమీటరు లోపే. బడిలో చదువుకున్న పైథాగరస్ సిద్ధాంతమే ఇది. చేయి తిరగడానికి తిరుపతి మీరు వేసి చూడండి: 13.63, 79.42. హైదరాబాద్ నుంచి 429 దగ్గర వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు.

జాగ్రత్తలు రెండు. ఒకటి, అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత ఇవ్వాలి. తిరగేసి 78.49, 17.39 అని ఇచ్చారనుకోండి, నార్వేకు ఉత్తరాన మంచుతో నిండిన స్వాల్‌బార్డ్ దీవుల్లో చుక్క పడుతుంది. మన ఊళ్లకు మొదటి అంకె ఎప్పుడూ 12కూ 20కీ మధ్య, రెండోది 76కూ 85కూ మధ్య ఉండాలి. రెండు, ఈ చేతి లెక్క దక్షిణాది ఊళ్ల మధ్య దూరాలకే. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కో, సిడ్నీకో దీంతో వేస్తే తప్పుతుంది, భూమి గుండ్రన కాబట్టి. అమెరికా వెళ్లే విమానం తెర మీద ఉత్తరానికి వంగి వెళ్తున్నట్టు కనిపించేది కూడా అందుకే. చుట్టు తిరుగుతున్నట్టు అనిపించే ఆ వంపే నిజానికి దగ్గర దారి. అలాంటి దూరాలకు యాప్‌నే వాడండి.

4. విమానం లెక్కకు ఎయిర్‌పోర్టులు పెట్టండి

విమానం చార్మినార్ దగ్గర లేచి ఆర్కే బీచ్‌లో దిగదు కదా. శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకు గీత గీస్తే 511 కిలోమీటర్లు వస్తుంది. గాలి వాటాన్ని బట్టి రన్‌వే ఎటు వాడితే అటు లేచి తిరగాలి, దిగేటప్పుడు వరసలోకి రావాలి. కాబట్టి నిజంగా ఎగిరేది ఇంకొంచెం ఎక్కువే. టికెట్ మీద గంటా పావు, గంటా ఇరవై నిమిషాలు అని ఉండేది ఇక్కడ గేటు వదిలిన దగ్గర్నుంచి అక్కడ గేటు చేరే దాకా. గాల్లో ఉండేది అంతకంటే తక్కువే.

దిగే ఎయిర్‌పోర్టు ఏదో టికెట్ మీద తప్పకుండా చూసుకోండి. వైజాగ్‌కు ఊళ్లో ఉన్నదే కాకుండా విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర కొత్తది కట్టారు, అది ఊరికి చాలా దూరం. తిరుపతికి అయితే దిగేది రేణిగుంటలో, విజయవాడకు గన్నవరంలో.

మైళ్లు, కిలోమీటర్లు కలిపేయడం ఇంకో పొరపాటు. విమాన దూరం చెప్పే చాలా చోట్ల మైళ్లలో ఇస్తారు, కొన్నిచోట్ల నాటికల్ మైళ్లలో. మైలును 1.609తో, నాటికల్ మైలును 1.852తో గుణించండి. 503 కిలోమీటర్లంటే 313 మైళ్లు, 272 నాటికల్ మైళ్లు. మీరు చూసిన అంకె ఈ మూడింట్లో దేనికి దగ్గరగా ఉందో చూస్తే అది ఏ కొలతో తెలిసిపోతుంది.

5. రోడ్డు దూరం తీయండి

"డైరెక్షన్స్" నొక్కి రెండు అడ్రసులూ ఇవ్వండి. యాప్ ముందుగా చూపించేది ఆ నిమిషానికి తొందరగా చేర్చే దారి. అది తక్కువ దూరం దారి కానక్కర్లేదు. అందుకే పొద్దున చూస్తే ఒక అంకె, సాయంత్రం చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. బూడిద రంగులో ఉన్న మిగతా దారులు కూడా నొక్కి, మూడు అంకెలూ రాసుకోండి.

వైజాగ్ దారి రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, సుమారు 275 కిలోమీటర్లు. అక్కణ్నుంచి ఏలూరు, రాజమండ్రి, అన్నవరం, తుని, అనకాపల్లి మీదుగా 16వ నంబరు, దాదాపు 350. ఏలూరు దాటాక తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్లొచ్చు, దేవరపల్లి, కొవ్వూరు మీదుగానూ వెళ్లొచ్చు. యాప్ ఏది పట్టుకుందో చూసి, మీకు కావలసిన దారిలో ఒక ఊరిని "యాడ్ స్టాప్"తో కలపండి. దారిలో ఏలూరులో పెద్దమ్మను ఎక్కించుకోవాలంటే ఆ ఇంటి అడ్రసే స్టాప్‌గా పెట్టండి, బైపాస్ నుంచి ఊళ్లోకి వెళ్లొచ్చే దూరం కూడా లెక్కలోకి వస్తుంది.

పెద్దవాళ్లు ఇప్పటికీ "తొమ్మిదో నంబరు హైవే", "ఐదో నంబరు హైవే" అంటుంటారు. 2010లో నంబర్లు మార్చాక తొమ్మిది 65 అయింది, ఐదు 16 అయింది. దారి చెప్పేవాళ్ల మాటను బోర్డుతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంటే కంగారుపడరు.

సెట్టింగ్స్‌లో "అవాయిడ్ టోల్స్" ఆన్‌లో ఉందేమో ఒకసారి చూడండి. ఇంట్లో ఎవరో ఎప్పుడో నొక్కి వదిలేస్తే యాప్ మిమ్మల్ని పల్లెల మీదుగా తిప్పి యాభై, అరవై కిలోమీటర్లు ఎక్కువ చూపించొచ్చు.

ఖర్చుకు: 620ని మీ మైలేజీతో భాగించండి. 15 ఇచ్చే బండికి 41 లీటర్ల చిల్లర. ఊళ్లో తిరగడానికి ఇంకో నాలుగైదు లీటర్లు కలిపి, మీ బంకు ధరతో గుణించండి. తరచూ హైవే ఎక్కేవాళ్లయితే ఫాస్టాగ్ వార్షిక పాస్ చూడండి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలకు ఏడాది, లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. సొంత కార్లకే, అదీ జాతీయ రహదారుల టోళ్లకే పనిచేస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద టోలు మామూలుగానే పడుతుంది.

6. దూరాన్ని సమయంగా మార్చండి

హైవే మీద ముల్లు వంద చూపిస్తోందని 620ని 100తో భాగించకండి. టిఫిన్, టీ, టోల్ గేట్లు, పిల్లల కోసం ఆగడం, ఊరి చివర జామ్ అన్నీ కలుపుకుంటే నాలుగు లేన్ల రోడ్డు మీద కూడా సగటు 55, 60 దాటదు. అంటే వైజాగ్‌కు పదిన్నర నుంచి పదకొండున్నర గంటలు. ఒక్కరే నడిపేవాళ్లయితే పన్నెండు రాసుకోండి. ఒకే రోజు వద్దనుకుంటే రాజమండ్రిలో ఆగడం మంచిది.

యాప్‌లో ఇప్పటి సమయం చూసి రేపటి ప్రయాణం లెక్క వేయకండి. "డిపార్ట్ ఎట్"లో మీరు బయలుదేరే రోజు, గంట పెట్టండి. సంక్రాంతి ముందు రోజుల్లో చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, కొన్ని రోడ్లు రాత్రి మూసేస్తారు. ఇది నాకు అనుభవమైన సంగతి. ఓసారి శ్రీశైలానికి సాయంత్రం ఆలస్యంగా బయలుదేరాం. దూరం 213 కిలోమీటర్లే కదా, నాలుగు గంటల్లో పడుకుంటాం అనుకున్నాను. డిండి దాటి మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ పావు. అడవి చెక్‌పోస్టు దగ్గర కర్ర అడ్డంగా దించేసి ఉంది. ముందు రెండు లారీలు లైట్లు ఆర్పేసి నిలబడ్డాయి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వదలరు. వెనక సీట్లో అమ్మ కాళ్లు చాపుకోవడానికి చోటు లేక రాత్రంతా కూర్చునే ఉంది, మధ్యమధ్య మోకాళ్లు రుద్దుకుంటూ. "ఆరింటికి తీస్తారులేరా" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పింది. ఆ రోజు నుంచి అడవి దారి ఉంటే గేటు వేళలు అడక్కుండా ఇంట్లోంచి కదలను. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం వచ్చేవాళ్లకు కూడా రాత్రి ఆంక్ష ఉంది.

7. కారా, విమానమా? గుమ్మం నుంచి గుమ్మానికి పోల్చండి

కాగితం మీద రెండు వరసలు రాయండి. మియాపూర్ నుంచి ఎంవీపీ కాలనీకి విమానంలో అయితే: ఇంటి నుంచి శంషాబాద్ గంటా పావు, ఎయిర్‌పోర్టులో రెండు గంటలు, విమానం గంటా ఇరవై, దిగి బ్యాగు తీసుకుని బయటికి రావడానికి అరగంట, ఊళ్లోకి ఇంకో అరగంట. మొత్తం ఐదున్నర గంటలు దాటింది. కారులో పన్నెండు. ఇక్కడ విమానమే నెగ్గుతుంది, ముఖ్యంగా పెద్దవాళ్లు ఉంటే.

అదే పద్ధతిలో విజయవాడ వేయండి. కారులో ఐదు గంటలు. విమానంలో గాల్లో గంటలోపే ఉన్నా, శంషాబాద్ వెళ్లడం, అక్కడ కూర్చోవడం, గన్నవరం నుంచి ఊళ్లోకి రావడం కలిపితే అదీ ఐదు దగ్గరికే వస్తుంది. నా ఉద్దేశంలో విజయవాడకు విమానం దండగ, మీది శంషాబాద్ పక్క ఇల్లయితే తప్ప.

ఎయిర్‌పోర్టులో రెండు గంటలు ఎందుకని తగ్గించుకోకండి. దేశీయ విమానాలకు చాలా ఎయిర్‌లైన్లు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి.

8. వచ్చిన జవాబు సరైందో కాదో చూసుకోండి

రోడ్డు దూరాన్ని సరళరేఖ దూరంతో భాగించండి. నేను వేసి చూసినవి:

- విజయవాడ: 275 / 250 = 1.1
- వైజాగ్: 620 / 503 = 1.23
- తిరుపతి: 560 / 430 = 1.3
- శ్రీశైలం: 213 / 151 = 1.4

ఒకటి కంటే తక్కువ వస్తే ఎక్కడో కచ్చితంగా తప్పుంది, రోడ్డు సరళరేఖ కంటే పొట్టిగా ఉండడం కుదరదు. మైళ్లో, వేరే ఊరో అయి ఉంటుంది. 1.1కీ 1.4కీ మధ్య వస్తే నిశ్చింతగా ఉండండి. 1.5 దాటితే మధ్యలో కొండో, అడవో, వంతెన లేని నదో ఉందేమో చూడండి. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో నిలబడితే కృష్ణ అవతలి గట్టు కళ్ల ముందే ఉంటుంది. పడవలో అయితే దాటేయొచ్చు. కారులో ఆ గట్టుకు చేరాలంటే కర్నూలు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాలి. అలాంటి చోట నిష్పత్తి ఎంత పెద్దదైనా అది తప్పు కాదు.

వైజాగ్‌కు 1.23 ఎందుకొచ్చిందో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. తిన్నని గీత పాపికొండల ప్రాంతం మీదుగా పోతుంది. హైవే మాత్రం ముందు విజయవాడ దాకా దక్షిణానికి దిగి, అక్కణ్నుంచి తీరం పట్టుకుని మళ్లీ ఉత్తరానికి ఎక్కుతుంది, మడిచిన మోకాలిలా.

బయలుదేరేటప్పుడు ఓడోమీటర్ అంకె ఫోటో తీసుకోండి, చేరాక ఇంకోటి. యాప్ చెప్పినదానికీ దీనికీ పది, పదిహేను కిలోమీటర్ల తేడా మామూలే, టిఫిన్‌కు పక్కకు వెళ్లినవీ, బంకు కోసం యూటర్న్ తీసుకున్నవీ అందులో ఉంటాయి. అంతకు మించి తేడా వస్తే హైవే పక్కన కిలోమీటరు రాళ్లతో పది కిలోమీటర్లు పోల్చి చూడండి. పసుపు, తెలుపు రాయి జాతీయ రహదారిది, ఆకుపచ్చ, తెలుపు రాయి రాష్ట్ర రహదారిది. పది రాళ్లకు మీటర్ పదకొండు తిరిగితే లోపం మీటర్‌దే.

తిరుగు ప్రయాణానికి ఈ లెక్కే వాడేయకుండా అడ్రసులు తిరగేసి మళ్లీ వేయండి. వన్‌వేలు, యూటర్న్‌లు, ఓఆర్ఆర్ మీద దిగే చోటు మారతాయి. ఆదివారం మధ్యాహ్నం వైజాగ్‌లో బయలుదేరి అర్ధరాత్రి దాటాక ఎల్బీనగర్ చేరితే మియాపూర్‌కు ముప్పావు గంట చాలు. సోమవారం పొద్దున తొమ్మిదికి చేరితే అదే దూరానికి రెండు గంటలు రాసుకోండి.